విత్తనానికి తల్లి పెట్టే సారె

ఆడపిల్లను అత్తారింటికి వట్టి చేతులతో పంపరు. సారె పెట్టి సాగనంపుతారు. మొక్కా అంతే! తన గుణాలతోపాటు కొన్ని సూక్ష్మజీవుల్నీ మూటగట్టి గింజతో పంపిస్తుంది.

కొన్ని బ్యాక్టీరియా, శిలీంద్రాలు తల్లిమొక్కలో నీరు పారే నాళాల గుండా పైకి ఎక్కి గింజను చేరతాయి. కొన్ని పూత సమయంలో పువ్వులోంచి లోపలికి వెళ్తాయి. ఇంకొన్ని పొట్టును అంటిపెట్టుకుని వస్తాయి. గింజ ఎండేకొద్దీ వాటిలో చాలావరకు చచ్చిపోతాయి. తట్టుకున్నవి మాత్రం నిద్రావస్థలోకి జారుకుంటాయి.

గుడివాడ వైపు రైతులు విత్తన వడ్లను 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కడతారు. ఆ తడికీ వెచ్చదనానికీ మొలకతోపాటు ఈ నిద్రపోతున్న జీవులూ మేలుకుంటాయి. లేత వేరుకు తొలి చుట్టాలు ఇవే. మట్టిలోని సూక్ష్మజీవుల పరిచయం ఆ తర్వాతే!

గింజే కాపలాదారు

ఈ సారె విలువ ఎంత? చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2021లో ‘నేచర్ ప్లాంట్స్’ పత్రికలో ఓ సంగతి వెల్లడించారు. ఒకే రకం వరి... ఒక ప్రాంతపు గింజల మొక్కలు నారు దశలో వచ్చే ఓ తెగులును తట్టుకున్నాయి, మరో ప్రాంతానివి లొంగిపోయాయి. తేడా ఎక్కడుందని వెతికితే, తట్టుకున్న గింజల్లో స్ఫింగోమోనాస్ మెలోనిస్ అనే బ్యాక్టీరియా దండిగా కనిపించింది. అది తరం నుంచి తరానికి గింజల ద్వారానే అందుతోంది. లొంగిపోయిన మొక్కలకు దాన్ని అందిస్తే అవీ నిలదొక్కుకున్నాయి!

ఉప్పు నేలలో తోడు

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరిచిపోలేదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ పొలాలకు ఉప్పు బెడద ఎప్పుడూ ఉన్నదే. అందుకే మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం చౌడును ఓర్చుకునే ఎంసీఎం వరి రకాలను రూపొందించింది. అయితే ఓర్పు మొక్క జన్యువుల్లోనే ఉండాలనేం లేదు. అమెరికా శాస్త్రవేత్తలు సముద్రతీరపు గడ్డిలో ఉండే శిలీంద్రాన్ని వరికి అందించి, ఉప్పును తట్టుకునే శక్తి పెరిగిందని 2011లో చూపించారు.

అన్నీ తల్లే ఇవ్వదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లే మినుముకు నత్రజనిని అందించే రైజోబియం మట్టిలోంచే రావాలి. అందుకే ఆ కల్చర్‌ను విత్తనానికి పట్టిస్తారు.

శత్రువూ ఇదే దారిలో

సారెలో చెడ్డవీ ఉంటాయి. నారును పాలిపోయేలా, సన్నగా పొడవుగా సాగేలా చేసే బకానే తెగులు వచ్చేది గింజ వెంటే. నానబెట్టే నీటిలో లీటరుకు గ్రాము కార్బెండజిమ్ కలపమనేది ఇలాంటి వాటి కోసమే. ఆ మందు మేలుచేసే శిలీంద్రాలనూ వదలదు. అలాగని మానేస్తే తెగులుకు తలుపు తీసినట్టే. మరి రైతు చేతిలో ఉన్నది? విత్తనాన్ని ఏ మడిలోంచి తీయాలన్న నిర్ణయం. తెగులు తగలని, ఏపుగా పెరిగిన మడినే ఎంచుకోవాలి. అక్కడి గింజల్ని విడిగా నూర్చి, బాగా ఎండబెట్టి దాచుకోవాలి. ఎందుకంటే వచ్చే ఏటి నారుకు సారె సిద్ధమయ్యేది విత్తనాల కొట్లో కాదు, ఈ ఏటి చేలో!