లెక్క అదే, ప్రశ్న వేరు

కాకినాడ జేఎన్‌టీయూ ఆర్23 సిలబస్‌లో బీటెక్ మొదటి సెమిస్టర్ లెక్కల పేపరు పేరు 'లీనియర్ ఆల్జీబ్రా అండ్ క్యాలిక్యులస్'. సత్తెనపల్లిలో ఇంటర్ ఎంపీసీ ముగించి నరసరావుపేటకో గుంటూరుకో ఇంజినీరింగ్‌కు వెళ్లేవారిలో చాలామందికి మొదట ఎదురయ్యేది ఇదే. ఐదు యూనిట్లలో మొదటి రెండూ మాత్రికలు, మిగిలినవి కలనగణితం.

పేర్లు కొత్తవి కావు. మాత్రికలు, సమాకలనం ఇంటర్‌లో చదివినవే. అయితే ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవి. అందుకే ఇంటర్ రెండేళ్లూ ధ్యాసంతా షార్ట్‌కట్ల మీదే. యూనివర్సిటీ పేపరులో మాత్రం జవాబు ఎంత అనడానికి ముందు అసలు ఉందా, ఉంటే ఒక్కటేనా అన్నది తేల్చాలి. తడబాటు అక్కడే మొదలవుతుంది.

ఎరువుల కొట్టు బిల్లులు మూడున్నాయనుకుందాం. విడి ధరలు లేవు, మొత్తాలే ఉన్నాయి. మొదటి బిల్లులో యూరియా రెండు కట్టలు, డీఏపీ ఒకటి, పొటాష్ ఒకటి. రెండోదానిలో అదే వరుసలో ఒకటి, రెండు, ఒకటి. మూడోదానిలో మూడు, మూడు, రెండు. తెలియని ధరలు మూడు, సమీకరణాలూ మూడే. అయినా ధరలు తేలవు. మూడో వరుస మొదటి రెండూ కలిపినదే కాబట్టి గాస్ పద్ధతిలో అది సున్నాల వరుసగా మిగులుతుంది. సున్నాలు కాని వరుసలు రెండే కాబట్టి ర్యాంకు 2. మూడో బిల్లు మొత్తం మొదటి రెంటి మొత్తానికి సరిపోతే సాధనలు అనంతం. ఒక్క రూపాయి తేడా వచ్చినా సాధనే ఉండదు. ర్యాంకు అసలు పని ఇక్కడ తెలుస్తుంది.

విలోమం లేని ఇలాంటి మాత్రికలతోనూ పని జరిపించే మార్గాన్ని విస్తరించినవారిలో తెలుగువాడైన సి.ఆర్.రావు ముఖ్యుడు. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన, సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి సాధారణీకృత విలోమాలపై రాసిన గ్రంథం 1971లో వెలువడింది. గణాంకశాస్త్రంలో ఈ విలోమాల అవసరం తరచూ పడుతుంది.

రెండో యూనిట్‌లోని ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం సాధన చేసినకొద్దీ చేతికొస్తాయి. అసలు చిక్కు చివరి యూనిట్‌లోని బహుళ సమాకలనాలది. విద్యార్థుల మాటల్లో చెప్పాలంటే, 'లిమిట్స్ పెట్టడం' రాదు.

ఉదాహరణకు, ఈ పవర్ వై స్క్వేర్‌ను ఒక త్రిభుజం మీద సమాకలనం చేయాలి. ఎక్స్ 0 నుంచి 1 వరకు, వై ఎక్స్ నుంచి 1 వరకు. ముందు వై పరంగా చేయబోతే లెక్క కదలదు; ఆ ప్రమేయానికి మామూలు సూత్రాల్లో ప్రతిఅవకలజమే లేదు. బొమ్మ గీసి క్రమం మారిస్తే ఎక్స్ 0 నుంచి వై వరకు, వై 0 నుంచి 1 వరకు. ఎక్స్ పరంగా చేయగానే లోపలికి ఒక వై వచ్చి చేరుతుంది. ఆపైన వై స్క్వేర్‌ను ప్రతిక్షేపిస్తే రెండు లైన్లలో జవాబు: (ఈ మైనస్ 1) బై 2, అంటే దాదాపు 0.859. బొమ్మ లేకుండా ఈ లెక్క చేయబూనడం అనవసరపు సాహసం.

బీఎస్సీలో మొదటి యూనిట్లలోని లీనియర్ ఆల్జీబ్రాయే సదిశాంతరాళం, ఆధారం, పరిమాణం అనే మాటలతో నిరూపణల దారిలో నడుస్తుంది. బీటెక్‌లో మాత్రం రెండో సెమిస్టర్‌కే అవకలన సమీకరణాలు, వెక్టార్ క్యాలిక్యులస్ వచ్చేస్తాయి. వాటిలోని ఉపరితల, ఘనపరిమాణ సమాకలనాలకు ఈ లిమిట్సే పెట్టుబడి.