అమ్మాయి ఎలక్ట్రికల్ తీసుకుంటానంటోందా?

"స్తంభాలెక్కే చదువు నీకెందుకే, కంప్యూటర్లు తీసుకో!" అనేశారా? కాస్త ఆగండి. ఇప్పుడు దేశదేశాల్లో ఎండతో, గాలితో కరెంటు తీయడం పెరిగిపోతోంది. మన కొంగరకలాన్ పక్కన రావిర్యాలలోనే సోలార్ పలకలు తయారవుతున్నాయి. రామగుండంలో ఎన్టీపీసీ వారి 100 మెగావాట్ల నీటిపై తేలే సోలార్ కేంద్రం 2022లో పూర్తయింది.

అయితే పొద్దుగూకితే ఎండ ఉండదు. మనకు లైట్లు కావలసిందేమో అప్పుడే! ఆ లోటు ఎలా పూడ్చాలో లెక్కకట్టడం, డిజైన్లు గీయడం, పరీక్షలు చేయడం ఇంజనీర్ల పనులే. వీటికి స్తంభం ఎక్కనక్కర్లేదు.

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమా చేయొచ్చు. ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. కొన్ని ఉద్యోగాల్లో షిఫ్టులు, దూరపు సైట్లు తప్పవు. ఆ సంగతీ అమ్మాయికి చెప్పండి. నిర్ణయం మాత్రం తననే తీసుకోనివ్వండి.