గుర్తు లేకపోయినా హక్కు ఉంటుంది

పుస్తకం లోపేజీలో "సర్వహక్కులు రచయితవి" అన్న వాక్యం, వెబ్‌సైట్ అడుగున సున్నాలో సీ అక్షరం, పక్కన ఏడాది: రచయితకు హక్కు వచ్చేది వీటివల్లేనని చాలామంది అనుకుంటారు. అందుకే ఆ గుర్తు లేని కథనో ఫొటోనో ఎవరైనా వాడేసుకోవచ్చన్న ధీమా. మన 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి మాటే లేదు. కథ కాగితం మీదో కంప్యూటర్‌లోనో రూపం దిద్దుకోగానే రాసినవారికి హక్కు వస్తుంది. గుర్తూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. రచయిత హక్కుకు ఏ లాంఛనమూ అడ్డు రాకూడదని 1908లోనే, కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందాన్ని బెర్లిన్‌లో సవరించినప్పుడు, సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందంలో మన దేశమూ ఉంది. అయితే ఈ అపోహ ఊరికే పుట్టలేదు. అమెరికాలో చాలాకాలం నిజంగానే గుర్తు వేయకపోతే హక్కు పోయేది. 1968లో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' సినిమాకు విడుదల ముందు పేరు మార్చారు. పాత టైటిల్‌తోపాటు దాని కింద ఉన్న కాపీరైట్ వాక్యమూ తెర మీంచి తప్పుకుంది, కొత్త టైటిల్ కింద మళ్లీ వేయలేదు. అంత సినిమా ఆ ఒక్క వాక్యం లేక అందరి సొత్తయిపోయింది. అమెరికా బెర్న్ ఒప్పందంలో చేరాక, 1989 మార్చి 1 నుంచి అక్కడా ఆ నిబంధన పోయింది. అలవాటు మాత్రం లోకమంతా మిగిలింది.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది: గుర్తు వేస్తే చాలు, ముట్టుకోకూడదని. నాకు ఇదే ఎక్కువ హాని చేసేదిగా కనిపిస్తుంది. గురజాడ 1915లో కన్నుమూశారు. మన దేశంలో హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కాబట్టి ఆయన నాటకం 'కన్యాశుల్కం' ఎప్పుడో ప్రజల సొత్తయింది. ఇవాళ ఎవరైనా దాన్ని అచ్చేసి "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని రాస్తే, ఆ మాట వారు చేర్చిన కొత్త ముందుమాటకూ, వివరణలకూ, అట్టమీది బొమ్మకూ వర్తిస్తుందే తప్ప నాటకంలోని గిరీశం మాటలకు కాదు. శ్రీశ్రీ సంగతి వేరు. ఆయన 1983లో పోయారు కనుక, పాత ప్రతి మీద ఏ వాక్యమూ లేకపోయినా ఆయన కవితలకు 2043 చివరిదాకా రక్షణ ఉంది. హక్కు బతికున్న పుస్తకాల్లోనైనా "ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ వాడరాదు" అన్న హెచ్చరిక చట్టాన్ని మించిపోదు. సమీక్షలో కొన్ని వాక్యాలు ఎత్తి చూపడానికీ, సొంత పరిశోధనకూ 52వ సెక్షన్ చోటిచ్చింది. బోధనకు అవసరమైన మేరకు పుస్తకాల్లోని భాగాలను జిరాక్స్ తీసి విద్యార్థులకు ఇవ్వవచ్చని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. నవల మొత్తాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంచడం మాత్రం ఈ మినహాయింపుల కిందికి రాదు.

మరి గుర్తుకు పనేమీ లేకపోతే అచ్చు వేయడం ఎందుకని అడగవచ్చు. పని ఉంది. ప్రతి మీద పేరు ఉంటే, కాదని రుజువయ్యేదాకా కోర్టు ఆ పేరున్నవారినే రచయితగా భావిస్తుంది. హక్కు ఉన్నట్టు తెలియదు, అనుమానించే కారణమూ లేదని నిరూపించుకున్నవారిని చట్టం నష్టపరిహారం నుంచి కొంత తప్పిస్తుంది. గుర్తు ఎదురుగా కనిపిస్తుంటే ఆ సాకు నిలవదు. అనుమతి ఎవరిని అడగాలో కూడా అక్కడే తెలుస్తుంది. ఇక ఏడాది సంగతి. ప్రతి జనవరిలో వెబ్‌సైట్ అడుగున అంకె మార్చినంత మాత్రాన పాత వ్యాసం ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగదు. కానీ రచయిత ఎవరో తెలియని రచనకు 60 ఏళ్ల లెక్క తొలి ప్రచురణను బట్టే సాగుతుంది. అలాంటి పేజీ మీద అంకె దానంతట అదే మారిపోతుంటే, లెక్కకు ఆధారం కావలసిన ఆ తొలి ఏడాదే చెరిగిపోతుంది.