మల్లెవాసన తేయాకు: గిరాకీ నాలుకది, నష్టం గోదాముది

నెక్కొండ: మిర్చి, పత్తి, మొక్కజొన్న ధారణలు చూసుకొనే మన బజారుకు తేయాకు చిన్న సరుకే. అయినా కిరాణాలో ఏడాది పొడుగునా కదిలే సరుకుల్లో అదొకటి. మల్లెవాసన తేయాకును కూడా నిల్వ చేయవచ్చునా అని ఆలోచించే వర్తకులు ముందుగా ఆ సరుకు స్వభావం తెలుసుకోవడం అవసరం.

ఈ సరుకు పుట్టినిల్లు చైనా. ఫుజియాన్ రాష్ట్రంలోని ఫూచౌ దీనికి పాత కేంద్రం కాగా, నేడు గ్వాంగ్షీలోని హెంగ్‌చౌలో తయారీ ఎక్కువ. వసంతకాలంలో తయారైన పచ్చ తేయాకును వేసవిలో మల్లెలు వచ్చేవరకు దాచి ఉంచుతారు. మధ్యాహ్నం కోసిన మొగ్గలు సాయంత్రానికి విచ్చుకోవడం మొదలుపెడతాయి. వాటిని ఆకుతో కలిపి రాత్రంతా ఉంచి, ఉదయం పూలను జల్లించి తీసివేసి, తేమ పోయేలా ఆకును ఆరబెడతారు. మేలురకానికి ఇదే పని కొత్త పూలతో పలుమార్లు సాగుతుంది. ధర పెరగడానికి కారణం ఈ పూలు, కూలి, ఆరబెట్టే ఖర్చులే. పొట్లంలో పూరేకులు ఎక్కువ కనిపించినంత మాత్రాన సరుకు మేలైనదని భావించరాదు. చౌకరకాలకు పూలకు బదులు సెంటు చల్లడం కూడా ఉంది.

అభిరుచులు ఒక్కతీరుగా ఉండవు. కొందరికి వాసన లీలగా ఉంటే చాలు. కొందరికి గ్లాసు ఎత్తగానే ముక్కుకు తగలాలి. అయితే ఇది పాలు, చక్కెర లేకుండా, మరిగే నీటికన్నా కొంచెం తక్కువ వేడిలో తాగే రకం. మన ప్రాంతంలో చెల్లేది సి.టి.సి. డస్టు. పాలలో మరిగినా రంగు, కడక్ నిలవాలని కొనుగోలుదారు కోరిక. మల్లె తేయాకును అలా మరిగిస్తే వాసన పోయి చేదు మిగులుతుంది. కాబట్టి డస్టు కొనే ఇల్లు దీనికి మారుతుందని లెక్క వేసుకోరాదు.

ధారణ విషయంలోనూ తేడా ఉన్నది. కూనూరు, కోయంబత్తూరు, కొచ్చి వేలాల్లో పలికేది సాదా తేయాకు. డస్టు కొనే వర్తకుడు ఆ ధారణతో తన కొనుగోలును సరిచూసుకోగలడు. మల్లెవాసన పొట్లానికి అలాంటి కొలబద్ద లేదు. ప్యాకింగుదారు చెప్పిందే ధర. జి.ఎస్.టి. మాత్రం వాసన కలిపినా, కలపకున్నా 5 శాతమే.

ఉదాహరణకు, 100 రూపాయల చొప్పున 100 పొట్లాలు కొని 125కు అమ్మే వర్తకుని పెట్టుబడి 10,000. అది తిరిగి రావడానికే 80 పొట్లాలు పోవాలి. 60 వద్ద అమ్మకం ఆగితే 2,500 రూపాయలు అరలోనే ఇరుక్కుంటాయి. డస్టు బస్తా ఆలస్యమైనా పోతుంది. వాసన తగ్గిన మల్లె పొట్లాన్ని తగ్గింపు ధరకు కూడా అడిగేవారు ఉండరు.

అన్నింటికన్నా ముఖ్యమైనది నిల్వ. తేయాకు పక్కనున్న వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. మల్లెవాసన పట్టడానికి కారణమైన గుణమే మిర్చి బస్తా, ఇంగువ, సబ్బుల పక్కన పెడితే సరుకును చెడగొడుతుంది. మిర్చి నిల్వలుండే మన గోదాములలో ఇది చిన్న విషయం కాదు. డస్టుకు కూడా ఈ ముప్పు తప్పదు. గట్టిమూత డబ్బా, వేరే గది, నేలకు తగలని చెక్క బల్ల తప్పనిసరి.

కొనదలచినవారు నమూనా తెప్పించి రెండుసార్లు నీళ్లు పోసి రుచి చూడాలి. మొదటిసారి గుప్పుమని, రెండవసారి ఏమీ మిగలకపోతే సెంటు సరుకని అనుమానించవచ్చు. అడిగే ఖాతాదారులను బట్టి నాలుగైదు పొట్లాలతో మొదలుపెట్టి, అవి పోయాకే మళ్లీ ఆర్డరు ఇవ్వడం క్షేమం. అసలు పెట్టుబడి మాత్రం డస్టులోనే ఉండాలి.