వార్తల్లో పదం: ట్రాన్స్‌బౌండరీ హేజ్

ఒక దేశంలో అడవికో పొలానికో పెట్టిన మంట తాలూకు పొగ గాలివాటున పొరుగు దేశాన్ని కమ్మేస్తే దాన్ని ట్రాన్స్‌బౌండరీ హేజ్, అంటే సరిహద్దు దాటిన పొగ అంటారు. ఈ మాట ఎక్కువగా వినిపించేది ఆగ్నేయాసియాలో. 1997లో ఇండొనేషియాలోని సుమత్రా, కాలిమంతన్‌లలో తోటల కోసం భూమి చదును చేస్తూ పెట్టిన మంటలు, కుళ్లిన ఆకూ కొమ్మా పేరుకున్న పీట్ నేలల్లోకి దిగి నెలల తరబడి రగిలాయి. సింగపూర్, మలేషియా ఉక్కిరిబిక్కిరయ్యాయి; మలేషియాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లూ ఆ గాలే పీల్చారు. దాంతో 2002 జూన్ 10న కౌలాలంపూర్‌లో ఆగ్నేయాసియా కూటమి అయిన ఆసియాన్ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి: మంటలను ముందే నివారించాలి, సమాచారం పంచుకోవాలి, అవసరమైతే ఆర్పే సిబ్బందిని పంపుకోవాలి. ఉల్లంఘిస్తే శిక్ష లేని ఒప్పందం ఎందుకని విమర్శ ఉంది. ఇండొనేషియా 2014లో గానీ ఆమోదించలేదు, 2015లో పొగ మళ్లీ కమ్మింది కనుక ఆ విమర్శలో బలముంది. కానీ పొగ చేరాక పొరుగు దేశం చేయగలిగింది చాలావరకు బడులు మూయడం, మాస్కులు పంచడం లాంటివే. మంట దాకా సాయం వెళ్లాలంటే దేశాల మధ్య అంగీకారం తప్పనిసరి.

ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలి చుట్టుపక్కల పత్తికట్టె, మిరపకట్టె కాల్చే రైతుకూ ఇది సంబంధించినదే. పొగకు మండలం, జిల్లా హద్దులు కూడా తెలియవు. కట్టె తీయించే కూలి ఖర్చు ఎవరు భరిస్తారన్న రైతు ప్రశ్న న్యాయమైనది; సహకారమంటే ఆ ఖర్చు పంచుకోవడం కూడా. మన దేశంలో రాష్ట్రాల హద్దులు దాటి గాలిని చూసే చట్టబద్ధ కమిషన్ 2021 చట్టంతో ఢిల్లీ, పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల కోసం ఏర్పడింది. దాని పరిధిలో ఆంధ్రప్రదేశ్ లేదు.