అమ్మఁబోవు ఇంటి వంటగది

2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱచిన పిదప కాటేదాన్ త్రోవన ఇండ్ల బేరములు తఱచైనవి. ఇల్లమ్మఁదలఁచిన గృహస్థు పాత వంటగదికై అప్పు చేయఁబనిలేదు. సున్నపు గోడల మసిజిడ్డును చాకలిసోడానీళ్లతోఁ గడిగి, గోడ తడిపి, పలుచగా రెండు పూఁతలు సున్నము వేయింపవలెను. అది గాలిలోని బొగ్గుపులుసుగాలిని గ్రహించి రాయివలె గట్టిపడును. గదికి వెలుతురు హెచ్చును. వంట అరుగుమీఁది కడప బండ సున్నపురాయి జాతిది. ఆమ్లము తగిలిన మెఱుఁగు చెడును, సబ్బునీరు చాలును. నీరు కాఱు కొళాయికి వాషరు మార్పింపవలెను.

కాని చెమ్మగోడను రంగుతోఁ గప్పరాదు. కొనువాఁడు సామాన్యముగాఁ జూచి తెలిసికొనలేని ముఖ్యలోపమును, తానెఱిఁగినచో, విక్రేత చెప్పవలెనని 1882 నాఁటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను విధించుచున్నది. మసి కడుగుట మంచిదే. చెమ్మ దాఁచినచో, రేపు ఆ యింట వండుకొను ఇల్లాలు మనల నేమనును?