కణంలోని ఏతాం

‘నీరు పల్లమెరుగు’ అని సామెత. మెరక మీది నీరు తనంత తానే పల్లానికి పారుతుంది. పల్లంలోని నీటిని మెరక చేనికి ఎక్కించాలంటే మాత్రం ఏతాం తొక్కాలి. అంటే శక్తిని ఖర్చు చేయాలి. మన శరీరంలోని కణాలలో కూడా ఇలాంటి ఏతాలు రేయింబవళ్ళు పనిచేస్తూ ఉంటాయి. వాటినే సోడియం-పొటాషియం పంపులు అంటారు.

మనం తినే ఉప్పులో సోడియం ఉంది. అరటిపండులోను, కొబ్బరినీళ్ళలోను పొటాషియం ఎక్కువ. శరీరద్రవాలలో ఇవి ధనావేశం గల అయాన్లుగా ఉంటాయి. సోడియం గాఢత కణం లోపలికన్న వెలుపల సుమారు 10 రెట్లు ఎక్కువ. పొటాషియం ఇందుకు విరుద్ధం. అది లోపల సుమారు 30 రెట్లు ఎక్కువ. గాఢత ఎక్కువగా ఉన్న చోటి నుంచి తక్కువగా ఉన్న చోటికి పోవడం అయాన్ల స్వభావం. అందువల్ల కణత్వచంలోని సన్నని దారుల గుండా సోడియం లోపలికీ, పొటాషియం వెలుపలికీ జారుతూనే ఉంటాయి. ఆ జారినవాటిని తిరిగి యథాస్థానానికి చేర్చేది ఈ పంపు.

పంపు అంటే కణత్వచంలో ఇమిడి ఉన్న ఒక ప్రోటీను. అది లోపలివైపుకు తెరచుకొని 3 సోడియం అయాన్లను పట్టుకొంటుంది. అప్పుడు ఏ.టి.పి. అనే పదార్థం తనలోని ఒక ఫాస్ఫేటును దానికి అందిస్తుంది. ఆ శక్తితో ప్రోటీను ఆకారం మారి, వెలుపలివైపుకు తెరచుకొని సోడియంను విడిచిపెడుతుంది. ఆపైన 2 పొటాషియం అయాన్లను అందుకొంటుంది. ఫాస్ఫేటు విడిపోగా పూర్వరూపం దాల్చి, వాటిని లోపల దింపుతుంది.

ఈ ఏ.టి.పి.ని 1929లో అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు, భీమవరంలో జన్మించి మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా దానిని కనుగొన్నారు. పంపును 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కో పీత కాలి నరాలలో గుర్తించారు. 1997లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో సగభాగం ఆయనకు లభించింది.

పంపు ఆగిపోతే ఏమవుతుంది? సోడియం లోపల పేరుకొంటుంది. దాని వెంట నీరు చేరి కణం ఉబ్బిపోతుంది. కాలిలో ముల్లు గుచ్చుకొన్న సంగతి మెదడుకు చేరాలంటే నాడీకణంలోకి సోడియం ఒక్కసారిగా చొరబడాలి. లోపలా వెలుపలా గాఢత సమానమైతే ఆ ప్రవాహమే ఉండదు.

అతిసారం సోకిన బిడ్డకు ఉప్పు, చక్కెర తగిన పాళ్ళలో కలిపిన నీరు పట్టడంలోని రహస్యమూ ఇదే. పేగు గోడలోని కణాల నుంచి పంపు సోడియంను రక్తం వైపుకు తోడివేస్తుంది. కణంలో సోడియం తగ్గుతుంది కనుక, పేగులోని సోడియం గ్లూకోజును వెంటబెట్టుకొని లోపలికి వస్తుంది. వాటితోపాటు నీరూ వస్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైన్ చాలకపోయింది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించి ఎంతోమంది ప్రాణాలు నిలిపారు.

మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు సైతం, తిన్న అన్నం నుంచి వచ్చిన శక్తిలో చెప్పుకోదగ్గ భాగం ఈ పంపులకే పోతుంది. మనం నిద్రించినా అవి నిద్రించవు.